వలందుల ఊరిలో ఒక రోజు

అమెరికా వెళ్ళి వచ్చినవారిని మన ఊళ్ళో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "నయాగరా చూచారా?" అని. మేము చూడలేదు. చికాగోలో విమానం మారాము గాని ఊరు చూడలేదు. మూడు నెలలపాటు అయోవా రాష్ట్రంలో, డిమాయిన్ పట్టణంలో, మా అమ్మాయి ఇంట్లో ఉండి వచ్చాము. ఆ రాష్ట్రం పేరు చెబితే "అక్కడ మొక్కజొన్న తప్ప ఏముంది?" అని అమెరికావారే నవ్వుతారట. మొక్కజొన్న ఉన్న మాట నిజమే. మేము వెళ్ళినది మే నెల గనుక అదింకా మొలకెత్తను కూడా లేదు. ఎటు చూచినా దున్నిపెట్టిన నల్లరేగడి. కోయంబత్తూరు చుట్టుపట్ల ప్రత్తి పండే నల్లరేగడి చూచి పెరిగిన కళ్ళకు ఆ నేల పరాయిదిగా తోచలేదు.

ఆ మూడు నెలల్లో చూచిన వాటిలో ఈ పత్రిక పాఠకులకు చెప్పదగినది ఒక చిన్న ఊరు. పేరు పెల్లా. జనాభా పదివేల పైచిలుకు. మన లెక్కన అదొక పెద్ద పల్లె. డిమాయిన్‌నుంచి ఆగ్నేయంగా కారులో గంటకు తక్కువే ప్రయాణం. అక్కడికి మమ్మల్ని తీసుకువెళ్ళాలన్న ఆలోచన మా అమ్మాయిది. "నాయనా, ఆ ఊరివాళ్ళు మనలాంటివాళ్ళు. ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ ఊరు కట్టుకొన్నారు. ఇప్పటికీ తమ పాత దేశాన్ని మరిచిపోలేదంటారు. చూద్దురుగాని రండి," అన్నది.

మనలాంటివాళ్ళు అన్న మాట మమ్మల్ని కదిలించింది. మధుర నాయకుల కాలంలో దక్షిణానికి వచ్చామని పెద్దలు చెప్పుకొనే కుటుంబం మాది. ఎన్ని తరాలు గడిచాయో లెక్క లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. మా అల్లుడిది గుంటూరు వైపు. పెళ్ళయిన కొత్తలో మా మాట విని, "మామగారూ, ఇది తెలుగేనంటారా?" అని అడిగి మా ఇంటావిడ చేత చీవాట్లు తిన్నాడు. ఇప్పుడు అలవాటుపడ్డాడు. ఎనిమిదేళ్ళ మా మనవరాలికి మాత్రం ఆ తెలుగూ ఈ తెలుగూ ఒక్కటే, ఎందుకంటే ఆమె ఏది విన్నా జవాబు ఇంగ్లీషులోనే చెబుతుంది.

పెల్లాలో స్థిరపడినవారు హాలండు దేశస్థులు, అంటే డచ్చివారు. మన పూర్వులు వీరినే వలందులన్నారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట నేటికీ ఉన్నది. 1606లో వీరు మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు. పులికాట్‌లో 1613లో కోట కట్టి దానికి గెల్డ్రియా అని తమ గెల్డర్లాండ్ సీమ పేరు పెట్టుకొన్నారు. భీమునిపట్నం 1825 వరకు వారి చేతిలో ఉన్నది. పెల్లాకు వచ్చిన రైతులలో చాలామంది ఆ గెల్డర్లాండ్ సీమవారే. అయితే మన తీరానికి వచ్చినవారు బట్టల బేరగాళ్ళు, లాభం చూచుకొని వెళ్ళిపోయారు, గోరీలు మిగిలాయి. పెల్లాకు వెళ్ళినవారు వేరే రకం మనుషులు.

వారి కథ 1834లో మొదలవుతుంది. హాలండులో ప్రభుత్వం అండ ఉన్న చర్చి ఒకటుండేది. దాని పద్ధతులు మన పూర్వుల పద్ధతులు కావని కొందరు విడిపోయి వేరే ప్రార్థనలు చేసుకోసాగారు. వారి గురువులలో హెన్రిక్ పీటర్ స్కోల్టే ఒకరు. 1805లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, చదువుకొని, చేతిలో కొంచెం డబ్బుకూడా ఉన్న మనిషి. ఇరవైమందికి మించి అనుమతి లేకుండా కూడరాదని ఒక పాత చట్టముంటే, దాన్ని బయటికి తీసి ఈ విడిపోయినవారి మీద ప్రయోగించారు. జరిమానాలు వేశారు, ఇళ్ళలో సిపాయిలను దించి వారి పోషణ ఆ ఇంటివారి నెత్తినే పెట్టారు, స్కోల్టేను కొన్నాళ్ళు ఖైదులో ఉంచారు. ఇంతలో 1845లో బంగాళాదుంపకు తెగులు పట్టి పేదల నోటి కూడు పోయింది. ఒక వంక మనస్సుకు నచ్చిన పూజ లేదు, ఇంకొక వంక కడుపుకు తిండి లేదు. మనిషి ఊరు విడవడానికి ఇంతకంటె ఏం కావాలి?

1847లో నాలుగు ఓడలలో సుమారు 800 మంది బయలుదేరారు. బాల్టిమోర్ రేవులో దిగి, కొంత రైలు మీద, కొంత కాలువ పడవల మీద పిట్స్‌బర్గ్ చేరి, అక్కడినుంచి ఆవిరి పడవలో సెయింట్ లూయిస్ వచ్చారు. కొందరు దారిలోనే పోయారు. స్కోల్టే ముందుగా వెళ్ళి అయోవాలో నేల చూచి, ఎకరా ఒకటింబాతిక డాలరు చొప్పున సర్కారు భూమి కొన్నాడు. అంతకు ముందే అక్కడ కాపురముంటున్న అమెరికా రైతుల హక్కులు వేరే కొన్నాడు. మొత్తం సుమారు 18,000 ఎకరాలు. ఆగస్టు నెలాఖరుకు మొదటి బృందం బండ్ల మీద అక్కడికి చేరింది. ఊరికి పెల్లా అని పేరు పెట్టారు. యెరూషలేము నాశనమైన కాలంలో తొలి క్రైస్తవులు పారిపోయి తలదాచుకొన్న ఊరి పేరట అది.

తలదాచుకోవడానికి మాత్రం కప్పులే లేవు. చలికాలం తరుముకొస్తున్నది, కలప దొరకదు. నేలలో గుంటలు తవ్వి, పైన గడ్డి కప్పి, అందులో కాపురాలు పెట్టారు. దానికి వాళ్ళే గడ్డిపట్నమని పేరు పెట్టి నవ్వుకొన్నారు. వాన పడితే పై మట్టి లోపలికి జారేది. ఆ ఊరి పురాతన వస్తువుల పల్లెలో తిరుగుతూ, గడ్డికప్పు కథ విని, మా ఇంటావిడ "ఆడవాళ్ళు ఏమనుకొని ఉంటారో?" అన్నది. చరిత్ర పుస్తకాలలో ఈ ప్రశ్నకు తరచుగా జవాబుండదు. ఇక్కడ కొంచెం ఉన్నది.

స్కోల్టే రెండవ భార్య మరియా నాజూకుగా పెరిగిన మనిషి. ఆమె కోసం 1848లో ఊరి చౌకు ఎదురుగా కట్టిన ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉన్నది. ఆ ఇంటి గురించి ఊరివారు చెప్పుకొనే కథ ఒకటి: ఆమె హాలండునుంచి మోజుపడి తెచ్చుకొన్న నీలిపువ్వుల డెల్ఫ్‌టు పింగాణి ప్రయాణంలో ముక్కలైపోయిందట. పెట్టె విప్పి చూచి ఏడ్చి, చివరకు ఆ ముక్కలను పారవేయకుండా తోటలో నడిచే దారికి పరిపించిందట. కథలో ఎంత నిజమో గాని, అలా చేయగల ఇల్లాలిని మనమందరం ఎరుగుదుము. మా అవ్వ పగిలిన జాడీని తులసికోటకు కుండీగా వాడింది.

స్కోల్టే గారి తలపులు చూడాలంటే ఆయన వీధులకు పెట్టిన పేర్లు చూడాలి. ప్రవేశం, విచారణ, పట్టుదల, సంస్కరణ, కృతజ్ఞత, అనుభవం, ఓర్పు, నిబ్బరం, ఇలా భక్తుడి జీవితంలోని మెట్లన్నీ వరుసగా వీధులయ్యాయి. "మీ ఇల్లెక్కడ?" అంటే "ఓర్పు వీధిలో" అని చెప్పుకోవడం ఎలాగుండేదో! తరువాత వచ్చినవారు వాటిని తీసివేసి ఒకటి, రెండు అని అంకెలు పెట్టుకొన్నారు. కరపత్రం పంచేవాడికి సుఖమే గాని, మాకు మాత్రం పాత పేర్లే నచ్చాయి.

ఆయనకూ ఓర్పు అవసరమే అయింది. నేలంతా ముందు ఆయన పేరనే ఉన్నది. పంపకంలో తగవులు వచ్చాయి. ఏ సంఘాన్ని వెంటబెట్టుకొని సముద్రం దాటాడో ఆ సంఘమే ఆయనను దూరం పెట్టింది. 1868లో పోయాడు. సంఘాలు నడిపే మన పెద్దలకు ఈ భాగం విడమరిచి చెప్పనక్కరలేదు.

ఒక సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. డచ్చివారు కొన్నప్పుడు ఆ నేల ఉత్తది కాదు. సాక్, మెస్క్వాకీ అనే ఆదివాసులది అది. 1842లో చేసుకొన్న ఒప్పందం ప్రకారం వాళ్ళు 1843 మే 1 నాటికి ఎర్రబండ అనే గుర్తుకు పడమటికి జరగాలి. 1845 అక్టోబరుకు రాష్ట్రమే వదిలిపోవాలి. ఆ ఎర్రబండ పెల్లాకు దగ్గరలోనే. 1969లో డిమాయిన్ నది మీద కట్టిన ఆనకట్ట చెరువుకు కూడా అదే పేరు. కొద్ది ఏళ్ళ తేడాలో ఒక జనం ఖాళీ చేసిన చోటికి ఇంకొక జనం శరణార్థులై వచ్చారన్నమాట. మెస్క్వాకీలు మాత్రం ఊరుకోలేదు. 1857లో ఇదే రాష్ట్రంలో టామా దగ్గర 80 ఎకరాలు డబ్బిచ్చి కొనుక్కొన్నారు. తమ నేలలో ముక్కను తామే తిరిగి కొన్నారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. పెల్లా ఉత్సవం చూచి మురిసిపోయే వారు ఈ మాట కూడా తెలుసుకొని మురవడం మంచిది.

ఇక ఊరు చూస్తే చిత్రంగానే ఉన్నది. చౌకు చుట్టూ అంగళ్ళన్నిటికీ హాలండు పద్ధతిలో మెట్లు మెట్లుగా లేచే ముందుగోడలు. మధ్యబజారులో ఎవరు కొత్తగా కట్టినా ఆ పద్ధతిలోనే కట్టాలని ఊరి నిబంధన. బ్యాంకుకూ అదే ముఖం, పెట్రోలు బంకుకూ అదే తరహా. బొమ్మలు బయటికి వచ్చి ఊరి కథ నడిపించే గంటల గడియారం 1984 నాటిది. 2002లో 124 అడుగుల గాలిమర నిలబెట్టారు. దాని భాగాలు హాలండులోనే చేయించి తెచ్చారట. అది ఉత్త అలంకారం కాదు; గాలి వీస్తే నిజంగానే గోధుమలు విసురుతుంది. ఈ ఊరే కిటికీల తయారీకి, పొలం యంత్రాలకు దేశమంతటా పేరు పొందిందని మా అల్లుడు చెప్పాడు. పాత సినిమాలలో తుపాకి వీరుడుగా కనిపించే వయాట్ అర్ప్ చిన్నతనంలో ఇక్కడే పెరిగాడని కూడా చెప్పాడు. వీటన్నిటికంటె మనవరాలికి నచ్చినది కొయ్య చెప్పులు.

మేము వెళ్ళినది టులిప్పు పూల ఉత్సవానికి. ఏటా మే నెల మొదటి గురువారంనుంచి శనివారం వరకు జరుగుతుంది. ఎర్ర, పసుపు, ఊదా రంగుల టులిప్పులు బారులు తీరి ఉంటాయి. ఊరేగింపుకు ముందు ఊరి పెద్ద వచ్చి వీధి చూచి, "మురికిగా ఉంది" అని తీర్పు చెబుతాడు. వెంటనే టోపీలు, గౌనులు తొడుక్కొన్న ఆడా మగా బిందెలతో నీళ్ళు పోసి చీపుళ్ళతో వీధి కడుగుతారు. ఈ తంతు చూడడానికి వేలమంది వచ్చారు! మా ఇంటావిడ, "ఈ పని మేము రోజూ తెల్లవారుజామున వాకిట్లో చేస్తాము, ఒక్కడూ చూడడానికి రాడు," అన్నది.

ఒక గుడారం దగ్గర పొఫెర్చెస్ అనే తినుబండారం వేస్తున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే, పెనం నిండా గుండ్రటి గుంటలు, అందులో పిండి పోసి, ఒక్కొక్కటీ పుల్లతో తిప్పుతున్నారు. అచ్చంగా మన పొంగణాల పెనమే! మా ఇంటావిడ ఆగలేక, తిప్పుతున్న అమ్మాయి చేతిలోని పుల్ల అడిగి తీసుకొని నాలుగు తానే తిప్పింది. ఆ నాలుగే గుండ్రంగా వచ్చాయని మా అభిప్రాయం. పైన వెన్న, చక్కెర పొడి చల్లి ఇచ్చారు. ఇక ఎస్ అక్షరం ఆకారంలో బాదం ముద్ద పెట్టి కాల్చే పిండివంట ఒకటి ఉన్నది. దాన్ని డచ్చి అక్షరం అంటారు. అంగటి బయట దానికోసం బారెడు వరస. కజ్జికాయకు దూరపు చుట్టమన్నమాట.

ఆ వరసలో నిలబడినప్పుడు తలపైన అంగటి బోర్డు మీద డచ్చి మాటలు కనిపించాయి. అర్థమేమిటని మా ముందున్న పెద్దమనిషిని అడిగాము. ఆయన ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. ఇంటిపేరు కూడా డచ్చిదే. బోర్డు వంక కాసేపు చూచి, "మంచి రోజు అనో, స్వాగతం అనో అయి ఉంటుంది," అని నవ్వాడు. తరువాత ఇంకా ఇద్దరిని అడిగాము. వాళ్ళకూ రాదు.

అప్పుడు మాకు ఆ ఊరి అసలు కథ వినాలనిపించింది. స్కోల్టే ఇంటి దగ్గర పాత వేషం వేసుకొని వచ్చినవారికి చూపిస్తున్న ఒక ముసలమ్మగారు ఓపికగా కూర్చుండబెట్టి చెప్పారు. మిగతాది తరువాత మా అమ్మాయి తెచ్చిపెట్టిన పుస్తకాలలో చదువుకొన్నాము.

డచ్చి మాట ఇక్కడ తేలికగా పోలేదు. స్కోల్టే స్వయంగా ఇంగ్లీషు వైపు మొగ్గినవాడే. వచ్చిన ఏడే తన వారందరి చేత అమెరికా పౌరులమవుతామని ప్రమాణం చేయించాడు; 1855లో ఇంగ్లీషులో ఒక వార్తాపత్రిక పెట్టాడు; 1860లో లింకనును నిలబెట్టిన చికాగో సభకు ప్రతినిధిగా వెళ్ళాడు. కాని రైతు కుటుంబాలు ఇంట్లో, పొలంలో, ముఖ్యంగా చర్చిలో డచ్చినే పట్టుకొన్నాయి. 1861లో హెన్రీ హాస్పర్స్ అనే ఆయన పెల్లాస్ వేక్‌బ్లాట్ అని డచ్చి వారపత్రిక మొదలుపెట్టాడు. 1870లో నేల చాలక ఆయనే కొందరిని వెంటబెట్టుకొని వాయవ్య అయోవాకు వెళ్ళి ఆరెంజ్ సిటీ అని ఇంకొక డచ్చి ఊరు వేశాడు. వారపత్రిక మాత్రం 1942 వరకు నడిచింది. ఎనభై ఏళ్ళు! చిన్న పత్రిక నడపడంలోని కష్టం తెలిసినవారు ఈ అంకె దగ్గర ఒక్కక్షణం ఆగుతారు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగింది. 1918 మే 23న అయోవా గవర్నరు విలియం హార్డింగ్ ఒక ప్రకటన చేశాడు: బడులలో ఇంగ్లీషే, రైళ్ళలో ఇంగ్లీషే, నలుగురూ తిరిగే చోట ఇంగ్లీషే, టెలిఫోనులోనూ ఇంగ్లీషే. చర్చిలో ఉపన్యాసం కూడా ఇంగ్లీషులోనే. అది రానివారు ఇంట్లో ప్రార్థన చేసుకోవచ్చునట! గురి జర్మను మీద. దెబ్బ అందరికీ తగిలింది. హాలండు ఆ యుద్ధంలో ఏ పక్షమూ చేరలేదు. అయినా డచ్చి మాట వినబడితే జర్మనేమోనని అనుమానం. పెల్లాకు దగ్గరలోని పియోరియా అనే పల్లెలో ఆ వేసవిలోనే డచ్చివారి చర్చిని, బడిని తగులబెట్టారు. ఇంకొక జిల్లాలో టెలిఫోనులో జర్మను మాట్లాడిన ఆడవాళ్ళకు జరిమానా పడింది. తల్లితో ఫోనులో మాట్లాడడం నేరమైతే ఏ భాష నిలుస్తుంది?

ఏ ప్రభుత్వం ఇరవైమంది కూడి ప్రార్థన చేయరాదన్నదని వీరి తాతలు ఓడ ఎక్కారో, ఆ మాట వంటిదే డెబ్భై ఏళ్ళ తరువాత ఇక్కడ మళ్ళీ వినవలసి వచ్చింది. ఈసారి ఎక్కడానికి ఓడ లేదు.

యుద్ధం ముగిశాక ఆ డిసెంబరులోనే ప్రకటన పోయింది. కాని 1919లో రాష్ట్ర శాసనసభ చిన్న తరగతులలో ఇంగ్లీషు తప్ప వేరే భాషలో పాఠం చెప్పరాదని చట్టం చేసింది. దాన్ని 1923లో అమెరికా సుప్రీం కోర్టు కొట్టివేసింది. చట్టం పోయినా భయం పోలేదు. బిడ్డలకు ఎందుకీ తలవంపులని తల్లిదండ్రులే మెల్లగా మానుకొన్నారు. చర్చీలు ఒకటొకటిగా ఇంగ్లీషుకు మారాయి. మన తమిళనాటి బడులలో 2006 నాటి తమిళ అధ్యయన చట్టం తరువాత తెలుగు తరగతుల సంగతి పాఠకులకు తెలుసు గనుక పోలిక మేము చెప్పనక్కరలేదు. తేడా మాత్రం చెప్పాలి: మనకు ఫోనులో తెలుగు మాట్లాడవద్దని ఎవరూ అనలేదు.

1935లో పెల్లా ఉన్నత పాఠశాల పిల్లలు టులిప్పుల మీద ఒక సంగీత నాటకం ఆడారు. ఆ నాటకంనుంచే ఈ ఉత్సవం పుట్టింది. మొదటి ఏడు చూపించడానికి ఊళ్ళో టులిప్పులే లేవట. వడ్రంగి చేత నాలుగడుగుల కొయ్య టులిప్పులు చేయించి వీధుల్లో నిలిపారట. ఆ తరువాత దుంపలు తెప్పించి నాటారు. సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. నోటిలో డచ్చి గట్టిగా ఉన్న రోజుల్లో ఎవరికీ కొయ్య చెప్పుల ఊరేగింపు అవసరపడలేదు. అది సన్నగిల్లుతున్న రోజులలోనే వేషాలూ, పూలూ, గోడలూ వచ్చాయి. ఆ ఊరి కళాశాలలో పనిచేసిన ఫిలిప్ వెబ్బర్ అనే ఆచార్యుడు పెల్లా డచ్చి మీద 1988లో పుస్తకం వెలువరించే నాటికి అది పెద్దవాళ్ళ మాటగా మిగిలింది. 1847లో పల్లెలనుంచి వెంట తెచ్చుకొన్న యాసతో, మధ్య మధ్య ఇంగ్లీషు కలిసిపోయిన మాట అది. మా అల్లుడు మా ముఖం వంక చూచి ఊరుకొన్నాడు.

ముసలమ్మగారు తొడుక్కొన్న రవికె మీద పువ్వులు, తీగలు చూచి మా ఇంటావిడ "ఇది మన కలంకారీ లాగున్నదే" అన్నది. ఊరికే అన్న మాట కాదది. హాలండులో ఫ్రీస్లాండ్ సీమలో హిండెలోపెన్ అనే ఊరుంది. అక్కడి ఆడవారి సంప్రదాయ దుస్తులు పూర్వం కోరమాండల్ తీరంనుంచి వెళ్ళిన అద్దకపు గుడ్డతోనే కుట్టేవారు. మన తీరంలో నేసి అద్దిన గుడ్డ అక్కడ వారి సొంత వేషమైపోయింది. ఈ సంగతి చెబితే ముసలమ్మగారు ఎంతో సంతోషించారు.

"మీకు డచ్చి వచ్చునా?" అని అడిగాము.

"భోజనానికి ముందు చెప్పే ప్రార్థన ఒకటి వచ్చు," అన్నారు. చెప్పి వినిపించారు కూడా. చక్కగా, తొట్రుపడకుండా చెప్పారు. అర్థం అడిగితే, మాటమాటకూ తెలియదన్నారు. "మా అమ్మా నాన్నా బాగా మాట్లాడేవారు. కాని మాతో కాదు. మాకు తెలియకూడని సంగతులు వాళ్ళిద్దరూ మాట్లాడుకోవలసి వచ్చినప్పుడు మాత్రమే."

ఇంటావిడ మమ్మల్ని చూచింది. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ టులిప్పుల వైపు చూస్తున్నారు. ఆ ఇంట్లో రెండు నెలలనుంచి మేము చూస్తున్నదీ అదే. పిల్లకు టీకా వేయించాలన్నా, ఐస్‌క్రీము వద్దనాలన్నా, పుట్టినరోజు బహుమతి గురించి అయినా, దంపతులిద్దరూ తెలుగులోకి దిగుతారు. పిల్లతో మళ్ళీ ఇంగ్లీషు. ఆ పిల్లకు తెలుగంటే తనను బయట నిలబెట్టి తలుపు వేసే మాట.

తిరుగు ప్రయాణంలో కారులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేము మా సంగతే ఆలోచించుకొన్నాము. మన ఇళ్ళలో అంతా తలక్రిందులు. పెల్లాలో బోర్డుల మీద అక్షరాలున్నాయి, చదివి చెప్పేవారు లేరు. మా నాయన, మా తాత నోటినిండా తెలుగు మాట్లాడారు, ఒక్క అక్షరం చదవలేరు. తెలుగు ఉత్తరాన్ని అరవ లిపిలో వ్రాసుకొనేవారు. మేము కూడా నలభై దాటాక సంఘం వారి సాయంకాలపు తరగతిలో, పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని ఓనమాలు దిద్దాము. మన వీధులలో మెట్లగోడ లేదు, గాలిమర లేదు, కొయ్య చెప్పులు లేవు. కోయంబత్తూరులో బస్సు దిగినవాడికి ఇక్కడ తెలుగువారున్నారని తెలియనే తెలియదు. వంటింట్లోకి వస్తేనే తెలుస్తుంది.

వంటిల్లు అనగానే గుర్తుకొచ్చింది. డిమాయిన్‌లో భారతీయుల సరకుల అంగడి ఒకటుంటే, మరునాడే మా ఇంటావిడ అక్కడికి వెళ్ళి పొంగణాల పెనం కొన్నది. పిల్లను ముక్కాలి పీట మీద నిలబెట్టి పుల్ల చేతికిచ్చింది. "తిప్పు" అన్నది. పిల్ల ఇంగ్లీషులో ఏదో అన్నది. "తిప్పు" అన్నది మళ్ళీ. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పబోతే చేత్తో వారించింది. ఆ రోజు సగం మాడిపోయాయి. మిగిలిన సగం అందరం తిన్నాము.

మేము తిరిగి వచ్చి ఏడు నెలలయింది. ఆదివారం రాత్రి మనకు, అక్కడ ఆదివారం పొద్దున, పిల్ల పెనం పొయ్యి మీద పెట్టుకొని ఫోనులో కనబడుతుంది. "అవ్వా, తిప్పనా?" అంటుంది. ఇప్పటికి మాటలు నలభై దాకా వచ్చాయి. వాటిని మా ఇంటావిడ క్యాలెండరు వెనుక వ్రాసి పెట్టుకొంటున్నది, అరవ లిపిలో. వచ్చే నెలనుంచి సంఘం తరగతికి తానూ వస్తానంటున్నది.